చెదపుట్ట మోసిన ఎద్దు: ఒంగోలు గిత్త మీద ఒక ఏఐ ఏజెంటు డైరీ

జూన్ 8, ఆదివారం

ఈ పని నా నెత్తిన పెట్టింది మామయ్య. నాగులుప్పలపాడు మండలంలో వాళ్ళ ఊరి తిరునాళ్ళకి ఏటా బండలాగుడు పోటీలు పెడతారు. ఈసారి కమిటీ వాళ్ళు ఒంగోలు గిత్త చరిత్ర మీద ముప్పై రెండు పేజీల చిన్న పుస్తకం వేసి, వచ్చినవాళ్ళకి పంచుదామనుకున్నారంట. "నువ్వు కంప్యూటర్లు చెప్పేవాడివి గదరా, ఆ ఏఐ ఏదో ఉందంటగా, అడిగితే ఒక్క పూటలో రాసిస్తదంట" అన్నాడు. రాసిస్తుంది, నిజమే. రాత్రి సరదాకి అడిగి చూశా. నిమిషంలోపే నాలుగు పేజీలు వచ్చాయి, భాష కూడా సాఫీగా ఉంది, ఎక్కడా తడబాటు లేదు. ఫోన్లో చదివి వినిపించా. మామయ్య అంతా విని, "బానే ఉంది గానీ, ఇది ఒక్కసారన్నా ఎద్దు పక్కన నిలబడ్డోడు రాసింది కాదురా" అన్నాడు.

అది ఎలాగూ ఉంది. నా బాధ వేరు. ఆ నాలుగు పేజీల్లో ఏ మాట ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పమంటే దాని దగ్గర లెక్క లేదు. అందుకని ఏఐ మోడల్ చేత రాయించడం మానేసి, వెతికించడం మొదలుపెడుతున్నా.

ఏజెంటు అంటే బ్రహ్మపదార్థమేమీ కాదు. 2022లో రియాక్ట్ అని ఒక పరిశోధనా పత్రం వచ్చింది. మోడల్ ఒక అడుగు ఆలోచించడం, ఒక పని చేయడం (వెతకడమో, పేజీ తెరవడమో), వచ్చింది చదివి మళ్ళీ ఆలోచించడం, చాలనుకున్నదాకా ఆ చక్రం తిప్పుతూ ఉండటం, అంతే. నాకు రెండొందల లైన్ల పైథాన్ ప్రోగ్రామ్ సరిపోయింది. రెడీమేడ్‌గా కూడా ఉన్నాయి, గూగుల్ 2024 డిసెంబరులో, ఓపెన్ఏఐ 2025 ఫిబ్రవరిలో డీప్ రీసెర్చ్ పేరుతో ఇదే పని చేసేవి తెచ్చాయి. సొంతంగా ఎందుకంటే, అది ఏ పేజీ తెరిచింది, దేన్ని పక్కన పడేసింది, నాకు ప్రతి అడుగూ కనపడాలి.

జూన్ 14

మొదటి పరుగు. ఒంగోలు పశువుల చరిత్ర వెతకమంటే ఏజెంటు అరగంటలో బ్రెజిల్ చేరింది. తప్పేం కాదు. అక్కడ మన జాతిని నెలోరె అంటారు, నెల్లూరు పేరులోంచి ఒక 'ఎల్' ఎగిరిపోయింది, అంతే తేడా. కాకపోతే నెల్లూరు అని వెతికితే ఊరు రావాలా ఆవు రావాలా అన్నది దానికి తేలలేదు. పెంచలకోన, ఉబెరాబా రెండూ ఒకే నోట్సులో పక్కపక్కన కూర్చున్నాయి. ఉబెరాబా అంటే బ్రెజిల్లో జెబూ పశువుల, అంటే మన ఎద్దుల్లా మూపురం ఉన్నవాటి, పెంపకందార్ల సంఘం ఉన్న ఊరు.

మా ఆవిడది నెల్లూరు. "చూశారా, ఎద్దు మాది, పేరు మాది" అని ఒకటే నవ్వు. మామయ్యకి చెబితే, "మన ఎద్దుకి వాళ్ళ పేరేందిరా?" అని కోపం. ఏజెంటుని అడిగితే రెండు కారణాలు చెప్పింది. నెల్లూరు ఓడరేవు నుంచి వెళ్ళాయి కాబట్టి అని ఒకటి, నెల్లూరు జిల్లా నుంచి వెళ్ళాయి కాబట్టి అని ఇంకొకటి. రెంటినీ ఒకే నమ్మకంతో చెప్పింది. తేదీలు పెట్టి చూస్తే రెండోదే కుదిరింది. బ్రెజిల్‌కి తొలి పశువులు చేరింది 1868లో, 1878లో. ఒంగోలు తాలూకా నెల్లూరు జిల్లాలోంచి విడిపోయి కొత్తగా ఏర్పడిన గుంటూరు జిల్లాలో కలిసింది 1904లో. 1970లో ప్రకాశం జిల్లా వచ్చేదాకా అక్కడే ఉంది. అంటే ఎద్దు ఓడ ఎక్కినప్పుడు ఒంగోలు నెల్లూరు జిల్లానే. ఈ మాట చెప్పాక ఇంట్లో గొడవ సగం తగ్గింది, మామయ్య దగ్గర మాత్రం తగ్గలేదు.

జూన్ 16

నిన్న రాత్రి ఏజెంటుని వదిలేసి పడుకున్నా. పొద్దున లేచి మోడల్ వాడకానికి పడ్డ బిల్లు చూస్తే గుండె జారింది, పదమూడు వందల చిల్లర. ఏం చేసిందిరా అని లాగ్ (అది చేసిన పనుల చిట్టా) తీస్తే, ఒకే వార్తని వేరే వేరే హెడ్డింగులతో ఉన్న సైట్లలో తెరుచుకుంటూ పోయింది, తెరిచిన ప్రతిసారీ "మరో ఆధారం దొరికింది" అని రాసుకుంది. గానుగెద్దు కూడా అన్ని చుట్లు తిరగదు.

రెండు మార్పులు చేశా. ఒక ప్రశ్నకి పాతిక పేజీలకి మించి తెరవకూడదు. నోట్సు తెలుగులో రాసుకోకూడదు, ఇంగ్లీషులోనే రాసుకోవాలి. యూనికోడ్‌లో ఒక్కో తెలుగు అక్షరానికీ, గుణింతపు గుర్తుకీ మామూలుగా వాడే యూటీఎఫ్-8 పద్ధతిలో మూడేసి బైట్లు పడతాయి, చాలా మోడళ్ళు తెలుగు మాటని ముక్కలు ముక్కలు చేసి లెక్క కడతాయి, ఆ ముక్కలే టోకెన్లు, బిల్లు వాటి లెక్కనే, అదే విషయానికి ఇంగ్లీషు కంటే అవి బాగా ఎక్కువ. మన భాషలో ఆలోచించమంటే ఎక్కువ డబ్బులు కట్టాలన్నమాట. ఒళ్ళు మండింది గానీ జేబు నాది.

జూన్ 22, ఆదివారం

ఖర్చు తగ్గిద్దామని పోర్చుగీసు పేజీల తొలి అనువాదం నా ల్యాప్‌టాప్‌లోనే నడిచే చిన్న మోడల్‌కి ఇచ్చా. అది ఇచ్చిన వాక్యం ఇది: "నెలోరె మగ పశువుకు భుజాలపై బాగా ఎదిగిన చెదలు ఉండాలి."

చెదలా? నాలుగుసార్లు చదివా. పోర్చుగీసులో కుపిం అంటే చెదపురుగు, చెదపుట్ట. జెబూ పశువు మూపురాన్ని కూడా వాళ్ళు కుపిం అనే అంటారు, చూడ్డానికి పుట్టలా ఉంటుందనేమో. చిన్న మోడల్‌కి చెదలే తెలుసు, మూపురం తెలీదు. పెద్ద మోడల్‌కి అదే వాక్యం ఇస్తే సరిగ్గా మూపురం అంది. మామయ్యకి చెబితే పడీపడీ నవ్వాడు. కొట్టంలో ఉన్న గిత్త వీపు మీద చెయ్యేసి, "ఏందిరా, నీకు పుట్ట పెరిగిందంట" అని దాంతో కూడా చెప్పాడు.

తర్వాత పేజీలో కుపిం మూడో అర్థం వచ్చింది, అక్కడ అది ఒక మాంసం ముక్క పేరు కూడా. మామయ్య నవ్వు ఆగిపోయింది. బ్రెజిల్లో ఈ జాతిని పెంచేది ముఖ్యంగా మాంసానికే, ఇక్కడ మనం దున్నడానికీ బండకీ పెంచినట్టు కాదు. ఇది పుస్తకంలో వద్దని కమిటీలో ఇద్దరు ముగ్గురు అన్నారు. నేను ఒక్క వాక్యం ఉంచా. అది లేకపోతే ఆ దేశం ఓడల్లో మన పశువుల్ని ఎందుకు తెప్పించుకుందో చెప్పడం కుదరదు.

జూన్ 29

ఈ రోజు మాత్రం ఏజెంటుకి దండం పెట్టాలనిపించింది.

బ్రెజిల్‌కి చివరి పెద్ద దిగుమతి 1960ల మొదట్లో జరిగింది. అప్పుడు వెళ్ళిన ఆబోతుల్లో కర్వాది అన్నది వాళ్ళకి మూలపురుషుడి లాంటిది, ఒంగోలు పక్కన కరవది మన ఊరే, దాని పేరే. ఇది మా వైపు చాలామందికి తెలుసు. మిగతా పేర్లు నాకు తెలీవు. మామూలుగా వెతికేటట్టయితే పేరు తెలిస్తేనే వెతకగలం. పేరే తెలియనిదాన్ని ఏమని టైప్ చేస్తాం? ఏజెంటుకి ఇలా చెప్పా: "ఆ దిగుమతిలో వెళ్ళిన ఆబోతుల పేర్లు పోర్చుగీసు పేజీల్లో ఏరు, తెలుగు మాటలా వినపడేవి ఉంటే పట్టుకో, ఒక్కోదానికి పది రకాల స్పెల్లింగులు ఊహించి మళ్ళీ వెతుకు." ఇరవై నిమిషాల్లో గోధవరి వచ్చింది, 'ద' కి ఒత్తుతో సహా. ఆ తర్వాత ఆకాశము.

ఆకాశం కాదు, ఆకాశము. ఆ పేరు ఇంగ్లీషు అక్షరాల్లో చివరి 'ము'తో సహా పోర్చుగీసు పేజీ మీద కనపడగానే కాసేపు స్క్రీన్ వైపే చూస్తూ కూర్చున్నా. ఇక్కడ మనం ఆ 'ము' ఎప్పుడో వదిలేశాం. అక్కడ వంశవృక్షాల్లో అది అరవై ఏళ్ళుగా అలాగే ఉంది. అక్షరాలు కలిస్తేనే పట్టుకునే పాత పద్ధతి వెతుకులాటతో నేను జన్మలో అక్కడికి చేరేవాణ్ణి కాదు.

జూలై 6, ఆదివారం

దండం వెనక్కి తీసుకుంటున్నా.

మామయ్య కొడుకు ఫోన్ పట్టుకొచ్చి, "బావా, ఇది పెట్టు పుస్తకంలో, నెల్లూరు ఆవు నలభై కోట్లకి అమ్ముడుపోయిందంట" అన్నాడు. వెతుకులాట పేజీలో అన్నిటికన్నా పైన, ఏఐ రాసిన సమాధానంలోనే ఉంది. ఈ మధ్య జనం ఆ పెట్టె కిందకి దిగడం లేదు, వాడూ దిగలేదు. నా ఏజెంటుని అడిగితే అది కూడా నలభై కోట్లే అంది, పద్దెనిమిది ఆధారాలతో.

మామయ్య మంచం మీద కూర్చుని వింటున్నాడు. "పద్దెనిమిది అంటున్నావు, వాటి తల్లి ఏదిరా?" అన్నాడు. ఆయనకి అది అలవాటు. సంతలో దూడని చూపిస్తే ముందు పళ్ళు చూస్తాడు, తర్వాత దీని తల్లి ఏదని అడుగుతాడు. అమ్మేవాడు నీళ్ళు నమిలితే లేచి వచ్చేస్తాడు.

సరే, తల్లిని పట్టుకుందామని ఒక్కో పేజీ అది ఎవర్ని చూసి రాసిందో వెనక్కి వెనక్కి వెళ్ళా. పద్దెనిమిదింట్లో పదహారు ఈ ఫిబ్రవరిలో వారం రోజుల్లో పుట్టినవే, ఒకదాన్ని చూసి ఒకటి. అసలు సంగతి 2023 జూన్‌లో బ్రెజిల్లో జరిగిన వేలం. ఆ ఆవు పేరు వియాతినా 19. బరువు 1,101 కిలోలు. వేలంలో అమ్మింది ఆవుని కాదు, దాని యాజమాన్యంలో మూడో వంతు వాటాని, 69.9 లక్షల బ్రెజిల్ రియాల్స్‌కి. ఆ లెక్కన మొత్తం ఆవు విలువ సుమారు 43 లక్షల డాలర్లు అవుతుందని కట్టారు. అప్పటి మారకంలో 35 కోట్ల రూపాయల చిల్లర. వాటా విలువ ఆవు విలువైంది, విలువ అమ్మకమైంది, 2023 కాస్తా 2025 అయింది, 35 కాస్తా 40 అయింది. ఎవరూ కావాలని అబద్ధమాడినట్టు లేదు. ఒక్కో చేతిలో కొంచెం కొంచెం జరిగింది.

ఏజెంటు చేసిన తప్పు ఏంటంటే, తలకాయలు లెక్కపెట్టింది. పద్దెనిమిది మంది చెప్పారు కాబట్టి నిజం. నిజానికి చెప్పింది ఒక్కడు, మిగతావాళ్ళు మోశారు. ఇప్పుడు ఏఐ రాసిన పేజీలు కూడా ఆ లెక్కలో చేరుతున్నాయి, వాటిని చదివి ఇంకో ఏఐ మళ్ళీ రాస్తుంది.

జూలై 12, 13

రెండు రోజులు ఇదే పని. నోట్సు పట్టికలో కొత్త గడి పెట్టా, పేరు 'తల్లి'. ప్రతి వాక్యం పక్కనా అది ఏ పేజీ నుంచి వచ్చింది, ఆ పేజీ దేన్ని చూసి రాసింది అన్నది రాయాలి. తల్లి దొరకని వాక్యాన్ని పుస్తకంలోకి రానివ్వను.

కాపీలు పట్టడానికి పాత చిట్కానే వాడా. ప్రతి పేజీనీ వరుసగా ఐదేసి పదాల ముక్కలుగా కోసి, రెండు పేజీల మధ్య ఎన్ని ముక్కలు ఉమ్మడిగా ఉన్నాయో చూడటం. ఒకే భాషలో అయితే ఇది కత్తిలా పనిచేస్తుంది. ఇంగ్లీషు నుంచి పోర్చుగీసుకి, అక్కడ్నించి మళ్ళీ ఇంగ్లీషుకి వెళ్ళొచ్చిన వాక్యాల్ని మాత్రం పట్టుకోలేదు. వాటికి ఎంబెడింగ్ పెట్టా, అంటే వాక్యం అర్థాన్ని అంకెల వరుసగా మార్చి దగ్గరగా ఉన్నవాటిని జత కట్టడం. 1868 కథ అలాగే దొరికింది. ఇంగ్లండు వెళ్తున్న ఓడ బ్రెజిల్ రేవు సాల్వదోర్‌లో ఆగిందనీ, అందులో ఉన్న ఒంగోలు జతని అక్కడే అమ్మేశారనీ మూడు భాషల్లో ఉన్న పేజీలన్నీ దాదాపు ఒకే వాక్యం చెబుతున్నాయి. కథ నిజమే కావచ్చు, నేను పుస్తకంలో పెడుతున్నా కూడా. కాకపోతే దాన్ని ఒకే సాక్ష్యంగా లెక్కేశా.

ఇంకో తనిఖీ మరీ మొద్దుది, అన్నిటికన్నా ఉపయోగపడింది అదే. ఏజెంటు "ఈ పేజీలో ఇలా ఉంది" అని ఏదన్నా ఎత్తి రాస్తే, ఆ వాక్యం అక్షరం పొల్లు పోకుండా ఆ పేజీలో ఉందో లేదో ప్రోగ్రామ్ పోల్చి చూస్తుంది. లేకపోతే కొట్టేస్తుంది. మొదటి రోజు సగం వాక్యాలు కొట్టేస్తే మోడల్ అంతా కల్పించి రాస్తోందని టెన్షన్ పడ్డా. తీరా చూస్తే దాని తప్పు కొంతే. పోర్చుగీసు ముక్కు అక్షరం 'ఆఁ'ని కంప్యూటర్లో రెండు రకాలుగా దాచొచ్చు, ఒకే గుర్తుగానైనా, అక్షరం ఒకటి గీత ఒకటిగా విడదీసైనా. కంటికి ఒకటే, పోలికకి రెండు. అన్నింటినీ ఒకే రకానికి మార్చే ఒక్క లైను పెట్టగానే చాలావరకు సర్దుకున్నాయి. మిగిలినవి నిజంగానే కల్పన.

జూలై 20

పాత పుస్తకాలు. బాస్వెల్ 1873లో వేసిన నెల్లూరు జిల్లా మాన్యువల్, లిటిల్‌వుడ్ 1936 నాటి దక్షిణ భారత పశువుల పుస్తకం, ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ (ఎఫ్.ఏ.ఓ.) కోసం జోషి, ఫిలిప్స్ 1953లో రాసిన జెబూ పశువుల పుస్తకం. తల్లుల్ని వెతుక్కుంటూ వెళ్తే ఎక్కువసార్లు వీటి దగ్గరికే వచ్చి ఆగుతున్నాం.

స్కాన్లని ముక్కలు చేసి ఎంబెడింగ్ కట్టా. "రైతు ఆవు పాల కోసం పెంచాడా, దూడ కోసమా?" అని అడిగితే ఆ మాటలేవీ లేని పేరాని కూడా సరిగ్గా తెచ్చింది. అదే కందుకూరు అని అడిగితే మాత్రం తడబడింది, ఊరి పేరుకి అర్థం ఏముంటుంది దగ్గరా దూరం కొలవడానికి. ఊళ్ళకీ మనుషులకీ పాత పద్ధతి అక్షరాల వెతుకులాటే దిక్కు. రెండూ నడిపి, రెండు జాబితాల్లోనూ పైన ఉన్నవాటిని ముందు చదవమంటున్నా. ఇంకో తలనొప్పి పేజీ నంబర్లది. ఏజెంటు చెప్పేది పీడీఎఫ్ లెక్క, పుస్తకం మీద అచ్చయిన లెక్క వేరు. రెండూ రాసుకోమన్నా.

తెలుగు కరపత్రాలు కొన్ని దొరికాయి, అన్నీ యూనికోడ్‌కి ముందు డీటీపీ ఫాంట్లలో కొట్టినవి. తెర మీద చూస్తే శుభ్రమైన తెలుగు, కాపీ చేస్తే ఇంగ్లీషు అక్షరాల చెత్త. వాటిని ఫొటోలుగా మార్చి అక్షరాలు గుర్తించే ప్రోగ్రామ్‌కి ఇస్తే తప్ప ఏ మోడల్‌కీ కనపడవు.

జూలై 27

చిన్న ముక్క. ఒంగోలు అని అక్షరాలా వెతికితే బ్రెజిల్ కన్నా ఇండోనేషియా ఎక్కువ వస్తోంది. అక్కడ సుంబా అనే దీవి ఉంది, డచ్చి వాళ్ళ కాలంలో మన పశువులు వెళ్ళాయి, ఇప్పటికీ సుంబా ఒంగోలు అనే అంటారు. మామయ్య ముఖం వెలిగిపోయింది. "చూశావా, వాళ్ళు బుద్ధిమంతులు, ఊరి పేరు మార్చలా!"

ఆగస్టు 10, ఆదివారం

పుస్తకం చిత్తు ప్రతి పట్టుకుని ఊరెళ్ళా. మామయ్య చదువుతూ ఒక చోట ఆగి, "అచ్చోసిన ఆంబోతు సంగతి లేదేరా?" అన్నాడు. పెద్దాయన ఎవరన్నా పోతే వాళ్ళ పేరు మీద మంచి కోడెని ఎంచి, ముద్ర వేసి ఊరి మీదికి వదిలేవాళ్ళు. ఎవరి చేలో పడ్డా తోలేవాళ్ళు కాదు. ఊళ్ళో ఆవులన్నిటికీ అదే ఆబోతు. ఎంచేటప్పుడు సన్నరకం దూడని ఇచ్చారంటే పోయినవాడికే పరువు తక్కువ, అందుకని ఉన్నంతలో మేలైనదాన్నే వదిలేవాళ్ళు. జాతి అలా నిలబడింది, అదీ మామయ్య లెక్క.

రెండు నెలల్లో ఏజెంటు దీని దరిదాపులకి కూడా రాలేదు. నేను అడిగింది పెంపకం గురించి. ఇది ఉన్నది కర్మకాండలో. అక్కడే కూర్చుని ల్యాప్‌టాప్‌లో వృషోత్సర్గం (ఈ ఆచారానికి సంస్కృతంలో పేరు), బ్రాహ్మనీ బుల్ (అలా వదిలిన ఆబోతుకి ఇంగ్లీషులో పేరు) అన్న మాటలు ఇచ్చా, పది నిమిషాల్లో పాత పుస్తకాల్లోంచి పేరాలు వచ్చి పడ్డాయి. ఉన్నాయి, మొదట్నించీ నా దగ్గరే, నా డిస్కులోనే ఉన్నాయి.

మామయ్య చెప్పింది ఫోన్లో రికార్డు చేసి అక్షరాల్లోకి మార్పించా. బండలాగుడు గురించి ఆయన "ఆరు పళ్ళ జత" అన్నాడు, ఆరు పళ్ళొచ్చిన ఎడ్ల విభాగం. ఇంగ్లీషు నోట్సులో అది ఆరు పండ్లు (తినేవి) పెట్టిన ఎద్దుల జత అయి కూర్చుంది. చేత్తో దిద్దా.

ఆంబోతు వాక్యం పక్కన 'తల్లి' గడిలో మామయ్య పేరు, ఊరు, ఇవాళ్టి తేదీ, నోటిమాట అని కొట్టి చూపించా. కళ్ళజోడు పెట్టుకుని చదివాడు.

"నా పేరెందుకురా? నేను చూశానా? నాకు ఊహ తెలిసేసరికే ఆ పద్ధతి పోయింది. మా నాయన చెప్తే విన్నా. ఆయన పేరు కొట్టు."

కొట్టా. ఆయన పేరు స్పెల్లింగు కూడా మామయ్యే చెప్పాడు, ఇంటి పేరుతో సహా.